బతికే ఉన్నామని ఒక సంతకం

మనకి కొత్త సంవత్సరం ఉగాదితో మొదలవుతుంది. ఆఫీసులకి ఏప్రిల్ ఒకటితో, పిల్లలకి బడి తలుపులు తెరిచిన రోజుతో. రిటైరైన వాళ్ళకి మాత్రం ఎక్కువమందికి నవంబరుతో మొదలవుతుంది. "నేను ఇంకా బతికే ఉన్నాను" అని ఏడాదికోసారి సంతకం పెట్టివ్వాల్సిన నెల అది. కేంద్ర ప్రభుత్వ పింఛనుదారులకు నవంబరు. రాష్ట్రంలో ట్రెజరీలు, విశ్వవిద్యాలయాలు చెప్పే నెల కాస్త అటూ ఇటూ కావచ్చు. నెల ఏదైనా సంతకం మాత్రం తప్పదు.

నవ్వొస్తుంది కదూ! ఎదురుగా కుర్చీలో కూర్చుని కాఫీ తాగుతున్న మనిషి, తను ఉన్నానని కాగితం మీద రుజువు చూపించాలి. కానీ ఆ కాగితం అందకపోతే పింఛను ఆగిపోతుంది. పింఛను ఆగితే మొదట తెలిసేది ఆయనకి కాదు. పాలవాడికీ, మందుల షాపుకీ జవాబు చెప్పాల్సిన ఆ ఇంటి ఇల్లాలికి.

మా నెల్లూరు తీరాన కృష్ణపట్నం ఉందే, అక్కడ వేటకెళ్ళిన పడవ తిరిగొచ్చిందో లేదో ఒడ్డున నిలబడి చూస్తే తెలిసిపోతుంది. తిరుపతి విశ్వవిద్యాలయంలో ముప్ఫై ఏళ్ళు గుమాస్తాగానో, లైబ్రరీలోనో, లెక్చరరుగానో పనిచేసి, చివరికి సొంతూరి గాలి కోసం కృష్ణపట్నం చేరిన మనిషి సంగతి అలా కాదు. ఆయన క్షేమంగా ఉన్నాడని వంద కిలోమీటర్ల పైచిలుకు దూరంలో ఉన్న ఆఫీసుకి ఎలా తెలియాలి? ఒకప్పుడైతే నెల్లూరు వెళ్ళి, బస్సు మారి, తిరుపతి దాకా వెళ్ళాలి. లేదా గెజిటెడ్ ఆఫీసరు సంతకం కోసం తిరగాలి. డెబ్బై అయిదేళ్ళ వయసులో, మోకాళ్ళ నొప్పులతో.

ఇదిగో, ఇక్కడే విశ్రాంత ఉద్యోగుల సంఘం అవసరం పడుతుంది. ఏ ఒక్క సంఘం పేరూ చెప్పబోవడం లేదు నేను. ఆంధ్ర విశ్వవిద్యాలయం 1926 నాటిది, వేంకటేశ్వర విశ్వవిద్యాలయం 1954 నాటిది. ఇలాంటి చోట్ల పనిచేసి దిగిపోయిన వాళ్ళ సంఘాల ఏడాది ఇంచుమించు ఒక్కలాగే ఉంటుంది. ఫారాలు తెప్పించడం, నింపిపెట్టడం, కదలలేని వాళ్ళింటికి మనిషిని పంపడం, ఎవరిది అందిందో ఎవరిది అందలేదో పుస్తకంలో టిక్కులు పెట్టుకోవడం. నవంబరంతా అదే పని.

2014 నవంబరు 10న కేంద్రం 'జీవన్ ప్రమాణ్' అని కంప్యూటరు పద్ధతి పెట్టింది. వేలిముద్ర వేస్తే చాలు, బతికున్నట్టే. బాగానే ఉంది. కానీ నలభై ఏళ్ళు అంట్లు తోమి, బట్టలుతికి, పిండి రుబ్బిన ఆడవాళ్ళ వేళ్ళ మీద గీతలు మిగులుతాయా? యంత్రం "సరిపోలలేదు" అంటుంది. భర్త పోయాక కుటుంబ పింఛను తీసుకుంటున్న పెద్దావిడకి ఆ మాట ఎలా వినపడుతుందో ఊహించండి! 2021లో ముఖం చూసి గుర్తుపట్టే పద్ధతి కూడా వచ్చింది. ఇప్పుడు సంఘంలో ఫోను వాడటం వచ్చిన ఒకరిద్దరు ఇల్లిల్లూ తిరిగి, "అమ్మా, ఒక్కసారి రెప్ప ఆర్పండి" అంటున్నారు. పని అదే, పనిముట్టు మారింది.

నవంబరు గడిస్తే డిసెంబరు 17. దేశమంతా పింఛనుదారుల దినం. ఆ రోజు సంఘంలో దండలు, శాలువాలు, ఉపన్యాసాలు, చివర్లో ఉప్మా కాఫీ. పక్కింటి వాళ్ళు "ముసలాళ్ళ పేరంటం" అనుకుంటారు. ఆ తేదీ వెనక కథ తెలిస్తే అలా అనరు.

ఇంగ్లీషువాళ్ళ కాలంలో, 1871లో పింఛన్ల చట్టం ఒకటి చేశారు. పింఛను గురించి సివిలు కోర్టులో దావా వేయకూడదని అందులో రాశారు. సర్కారు ఇస్తే తీసుకో, ఇవ్వకపోతే ఊరుకో అన్నమాట. అప్పులవాడు పింఛనుని జప్తు చేయకూడదని కూడా అదే చట్టంలో ఉంది, ఆ మేరకు మేలే. కానీ పింఛనంటే దయ అన్న భావం మాత్రం మనుషుల మనసుల్లో నాటుకుపోయింది. 1971లో సుప్రీం కోర్టు, దేవకీనందన్ ప్రసాద్ అనే బీహారు విద్యాశాఖ ఉద్యోగి కేసులో, పింఛను దయాధర్మం కాదు, ఆ మనిషి ఆస్తి అని చెప్పింది.

తర్వాత వచ్చింది నకారా కేసు. డి.ఎస్. నకారా రక్షణ శాఖలో ఆర్థిక సలహాదారుగా పనిచేసి 1972లో రిటైరయ్యారు. 1979 మేలో కేంద్రం పింఛను లెక్క మార్చింది. అంతకుముందు ఆఖరి 36 నెలల జీతం సగటు చూసేవాళ్ళు, ఇకమీదట ఆఖరి 10 నెలలే చూస్తామంది. జీతం చివర్లోనే ఎక్కువ కాబట్టి పింఛను పెరుగుతుంది. కానీ ఒక మెలిక పెట్టింది. 1979 మార్చి 31న గానీ ఆ తర్వాత గానీ రిటైరైన వాళ్ళకే ఈ లెక్క. అంటే మార్చి 30న దిగిపోయిన వాడికి ఒక అన్నం, మర్నాడు దిగిన వాడికి ఒక అన్నం. ఒకే పంక్తిలో ఇద్దరికి రెండు రకాల వడ్డన!

నకారా కోర్టుకి వెళ్ళారు. ఆయనతోపాటు 'కామన్ కాజ్' అనే సంస్థ కూడా వెళ్ళింది. దాన్ని 1980లో స్థాపించిన హెచ్.డి. శౌరీ కూడా రిటైరైన అధికారే. కోర్టు మెట్లెక్కే ఓపికా డబ్బూ లేని వేలమంది వృద్ధుల తరఫున ఒక సంఘం వచ్చి అడగవచ్చని ఆ కేసులోనే తేలింది. 1982 డిసెంబరు 17న అయిదుగురు న్యాయమూర్తులు తీర్పు చెప్పారు. ఆ అయిదుగురిలో మన అనంతపురం జిల్లా వారు జస్టిస్ ఓ. చిన్నప్పరెడ్డి ఉన్నారు. పింఛను యజమాని విసిరే భిక్ష కాదు, పూర్వం చేసిన చాకిరీకి తర్వాత అందే ప్రతిఫలం అన్నారు. తేదీ పేరుతో పింఛనుదారుల్ని రెండుగా చీల్చడం చెల్లదన్నారు. తర్వాత రాష్ట్ర ఉద్యోగులైనా, విశ్వవిద్యాలయాల వాళ్ళైనా, మహజరు రాసినప్పుడల్లా ఈ తీర్పునే మొదట రాస్తున్నారు. ఉప్మా కాఫీ ఎందుకో తెలిసింది కదా!

జనవరి, ఫిబ్రవరి నెలలు సంఘానికి కాస్త తీరిక. డైరీలు, కేలండర్లు పంచుతారు. కరువు భత్యం ఎంత పెరగాలో లెక్కలేస్తారు. కానీ ఫిబ్రవరి 28 వచ్చిందంటే, బాగా పెద్దవాళ్ళు ఇంకా ఒక మాట గుర్తు చేసుకుంటారు. 1983 జనవరి 9న ఎన్.టి. రామారావు గారు ముఖ్యమంత్రి అయ్యారు. నెల తిరగకుండానే, ఫిబ్రవరి 8న, ప్రభుత్వోద్యోగుల పదవీ విరమణ వయసు 58 నుంచి 55కి తగ్గించారు. కుర్రాళ్ళకి ఉద్యోగాలు రావాలన్నది కారణం. ఫిబ్రవరి 28 సాయంత్రానికి 18,000 మందికి పైగా ప్రభుత్వోద్యోగులూ, ప్రభుత్వ సంస్థల్లో మరో 10,000 మందీ ఇంటికొచ్చేశారు. ఇరవై రోజుల వ్యవధి!

ఆ ఇళ్ళలో ఆ సాయంత్రం ఎలా గడిచి ఉంటుందో మనం అనుకోగలం. మూడేళ్ళలో చేద్దామనుకున్న ఆడపిల్ల పెళ్ళి, సగంలో ఉన్న అబ్బాయి ఇంజనీరింగు, గోడలు లేచి కప్పు పడని ఇల్లు. ఉద్యోగులు కోర్టుకి వెళితే 1985 జనవరిలో సుప్రీం కోర్టు ప్రభుత్వం చేసింది తప్పు కాదంది. ఈలోగా 1984 ఆగస్టులో నాదెండ్ల భాస్కరరావు గారి ప్రభుత్వం వయసుని మళ్ళీ 58కి పెంచింది. మరి మధ్యలో దిగిపోయిన వాళ్ళ మాటేమిటి? వాళ్ళని వదిలేశారు. మళ్ళీ సంఘాలు, మళ్ళీ కోర్టు. 1985 ఆగస్టులో ఇదే చిన్నప్పరెడ్డి గారు రాసిన తీర్పులో, పెంచిన వయసు మేలు వాళ్ళకీ దక్కాలని చెప్పారు. పోరాడకుండా ఇంట్లో కూర్చుంటే 'మధ్యలో వాళ్ళు'గానే మిగిలిపోయేవారు.

మార్చి, ఏప్రిల్ లెక్కల నెలలు. సర్వసభ్య సమావేశం కూడా సాధారణంగా ఈ దరిదాపుల్లోనే. కోశాధికారి జమాఖర్చులు చదువుతాడు. చందా ఇంకో యాభై పెంచాలా వద్దా అని గంటసేపు వాదించుకుంటారు. విశ్వవిద్యాలయం వాళ్ళకి ఇంకో బెంగ ఉంది. ప్రభుత్వోద్యోగికి పింఛను ట్రెజరీ నుంచి వస్తుంది. విశ్వవిద్యాలయం వాళ్ళకి ప్రభుత్వమిచ్చే బ్లాక్ గ్రాంటు మీద ఆధారపడి వస్తుంది. గ్రాంటు ఆలస్యమైతే పింఛనూ ఆలస్యమే. అందుకే బడ్జెట్టు రోజున మనం పప్పు ధర ఏమైందో చూస్తే, వాళ్ళు గ్రాంటు అంకె చూస్తారు.

ఆ సమావేశంలో మొదటి అంశం ఎప్పుడూ ఒకటే. ఆ ఏడాది పోయిన సభ్యుల పేర్లు చదివి రెండు నిమిషాలు నిలబడతారు. చదివిన ప్రతి పేరు వెనకా ఒక ఇల్లాలు ఉంటుంది. ఆమెకిక సంఘంతో పని ఇప్పుడే మొదలవుతుంది. ఏప్రిల్ 30 అనే తేదీ ఆమెది.

1964కి ముందు, ఉద్యోగి పోయాక భార్యకిచ్చే పింఛను కొన్నేళ్ళ గడువుతో ముగిసిపోయేది. 1964 జనవరి 1 నుంచి కేంద్రంలో కొత్త కుటుంబ పింఛను పథకం వచ్చింది. మన రాష్ట్రంలో కూడా ఆ ఏడాది పేరుతోనే నిబంధనలున్నాయి. అయితే కేంద్రం పథకంలో ఒక షరతు ఉండేది. తన గ్రాట్యుటీలో రెండు నెలల జీతమంత వదులుకుంటేనే భార్యకి పింఛను. వదులుకోని వాళ్ళ భార్యలకీ, పథకం రాకముందే రిటైరైన వాళ్ళ భార్యలకీ ఏమీ లేదు. ఆలోచించండి! రెండు నెలల జీతం వదులుకోవాలా వద్దా అని ఫారం మీద గీత గీసింది ఆయన. ఆ గీత ఫలితం జన్మంతా అనుభవించింది ఆవిడ. గీసేటప్పుడు ఆవిడని ఎంతమంది అడిగి ఉంటారు?

1977 సెప్టెంబరు 22 నుంచి ఆ కోత ఎత్తేశారు. కానీ పాత వితంతువులు బయటే ఉండిపోయారు. పూనమాళ్ అనే ఆమె, ఆమెలాంటి మరికొందరు సుప్రీం కోర్టు తలుపు తట్టారు. 1985 ఏప్రిల్ 30న తీర్పు వచ్చింది. భర్త చేసిన సేవకి ప్రతిగా ఏర్పరచిన కుటుంబ పింఛను భార్యకీ హక్కుగానే దక్కుతుందని. నకారా పేరు మీద ఏటా సభలు జరుగుతాయి. పూనమాళ్ పేరు మీద జరిగే సభ నేనెక్కడా చూడలేదు. కనీసం ఈ పేజీ చదివిన మనమైనా ఆ పేరు గుర్తుంచుకుందాం.

జూలై వస్తే కరువు భత్యం మాట మళ్ళీ మొదలు. కేంద్రంలో జనవరికోసారి, జూలైకోసారి సవరిస్తారు. రాష్ట్రంలో ఉత్తరువు వచ్చేసరికి బకాయిలు పేరుకుంటాయి. కమ్యుటేషను సంగతి కూడా ఈ తీరిక నెలల్లోనే పెద్దవాళ్ళు కొత్తవాళ్ళకి చెబుతారు. రిటైరయ్యేటప్పుడు పింఛనులో కొంత భాగం అమ్ముకుని ఒకేసారి మొత్తం తీసుకుంటారు, అమ్మాయి పెళ్ళికో అప్పులకో. ఆ భాగం పూర్వం మళ్ళీ తిరిగి రాకుండానే పోయేది. 1986 డిసెంబరులో కామన్ కాజ్ వేసిన మరో కేసు వల్ల, 15 ఏళ్ళ తర్వాత తిరిగి కలపాలన్న పద్ధతి స్థిరపడింది. సంఘంలో ఎవరిదైనా పదిహేనో ఏడు నిండిందంటే మిఠాయి పంచుతారు. షష్టిపూర్తి కంటే సంబరంగా ఉంటుంది!

సెప్టెంబరులో ఒక సంబరం, ఒక దిగులు. సెప్టెంబరు 5 ఉపాధ్యాయ దినోత్సవం. సర్వేపల్లి రాధాకృష్ణన్ గారి పుట్టినరోజు. ఆయన 1931 నుంచి 1936 వరకు ఆంధ్ర విశ్వవిద్యాలయానికి వైస్ ఛాన్సలరుగా ఉన్నారు. ఆ రోజు పాత విద్యార్థులు వచ్చి మాస్టార్ల కాళ్ళకి దండం పెడతారు. వాళ్ళలో కొందరి జుట్టు మాస్టారి జుట్టు కంటే తెల్లగా ఉంటుంది.

దిగులేమిటంటే సెప్టెంబరు 1. మన రాష్ట్రంలో 2004 సెప్టెంబరు 1 నుంచి కొత్తగా చేరిన ఉద్యోగులకి పాత పింఛను లేదు. ఉద్యోగి జీతంలో నూటికి పది, ప్రభుత్వం తరఫున అంతే, మార్కెట్లో పెరిగినంత పెరుగుతుంది. దిగిపోయాక ఎంత వస్తుందో ముందుగా చెప్పలేం. కేంద్రంలో ఆ ఏడాది జనవరి నుంచే మొదలైంది. 2025 ఏప్రిల్ 1 నుంచి అక్కడ, పాతికేళ్ళు పనిచేసిన వాళ్ళకి జీతంలో సగం హామీగా ఇచ్చే మరో పథకాన్ని కోరుకునే వీలు కల్పించారు.

మా కృష్ణపట్నం వైపు చూడండి. 2008లో అక్కడ కొత్త రేవు మొదలైంది. అదే ఏడాది నెల్లూరులో విక్రమ సింహపురి విశ్వవిద్యాలయం వచ్చింది. అంతకుముందు మా జిల్లా కాలేజీలన్నీ తిరుపతి కిందే ఉండేవి. ఒకే ఏడాది రేవూ, విశ్వవిద్యాలయమూ! మా పిల్లలకి ఉద్యోగాలొస్తాయని ఎంత సంతోషపడ్డామో. కానీ రెండూ పుట్టింది 2004 తర్వాత. రేవులో చేరినవాడికి ప్రావిడెంట్ ఫండు, దాంతోపాటు 1995 నాటి ఉద్యోగుల పింఛను పథకం. ఆ పథకంలో కనీస పింఛను 2014లో నెలకి వెయ్యి రూపాయలుగా పెట్టారు. వెయ్యి రూపాయలకి ఈ రోజుల్లో బీపీ, షుగరు మందులు పూర్తిగా వస్తాయా? ఇంట్లో లెక్క రాసేవాళ్ళం, మనకి తెలియదా?

కాబట్టి ఒకే వీధిలో, తాతగారికి నెలనెలా కచ్చితమైన పింఛను, మనవడికి అంచనా తెలియని మొత్తం. 1979 మార్చి 31న గీసిన గీతని తాతగారి తరం చెరిపేసింది. 2004లో గీసిన గీత ఇంకా ఉంది. రెండోది కొత్తగా చేరేవాళ్ళకి పెట్టిన షరతు కాబట్టి చట్టం దృష్టిలో రెండూ ఒకటి కావంటారు. కావచ్చు. ముసలితనానికి మాత్రం ఆ తేడా తెలియదు. అది అందరికీ ఒకేలా వస్తుంది.

సంఘాలకి ఇంకో చిక్కు కూడా దీనివల్లే. పింఛను లేనివాడు పింఛనుదారుల సంఘంలో ఎందుకు చేరతాడు? ఇప్పుడున్న సభ్యులు ఒక్కొక్కరే తగ్గుతారు. అయితే ఆస్పత్రి ఖర్చులు, ఒంటరితనం, ఫారాలు నింపే బాధ కొత్తవాళ్ళకి మాత్రం తప్పుతాయా? అసలు పింఛను ఖాయం కానివాడికే సంఘం ఎక్కువ అవసరం. ఈ ముక్క గ్రహించి తలుపులు తెరిచిపెట్టే సంఘం నిలుస్తుంది.

అక్టోబరు 1 వృద్ధుల దినం. ఐక్యరాజ్యసమితి 1990లో తీర్మానించి, 1991 నుంచి జరుపుతోంది. ఆ రోజు ఎనభై దాటిన వాళ్ళని పిలిచి కూర్చోబెడతారు. కేంద్ర పింఛనుదారులకి ఎనభై నిండితే మూల పింఛను మీద నూటికి ఇరవై ఎక్కువ, తొంభై నిండితే నలభై ఎక్కువ, నూరేళ్ళు నిండితే రెట్టింపు. "శతమానం భవతి" అని దీవిస్తే ఇదివరకు ఊరికే నవ్వేవారు. ఇప్పుడు లెక్క కట్టుకుంటున్నారు!

ఆ తర్వాత కార్తీకం. మైపాడుకో, కృష్ణపట్నానికో వనభోజనాలు. కండలేరు సముద్రంలో కలిసే చోట గాలికి పంచెలు రెపరెపలాడుతుంటే, పెద్దమనుషులు పే కమిషన్లు మర్చిపోయి పులిహోరలో ఇంగువ తక్కువైందని తగువులాడతారు. ఆడవాళ్ళు ఒక పక్క కూర్చుని కోడళ్ళ కబుర్లు చెప్పుకుంటారు. ఆ కబుర్ల మధ్య ఒక పావుగంట నాకివ్వండి, చాలు.

ఆయన పింఛను మంజూరు కాగితం ఇంట్లో ఏ బీరువాలో ఉందో మీకు తెలుసా? అందులో మీ పేరు, పుట్టినతేదీ, ఆధారు కార్డులో ఉన్నట్టే ఉన్నాయా? పెళ్ళయ్యాక అత్తారింట్లో మార్చిన పేరు ఒకచోట, పుట్టింటి పేరు ఇంకోచోట ఉన్నాయా? బ్యాంకు ఖాతా ఇద్దరి పేరునా ఉందా? వికలాంగులైన బిడ్డ ఉంటే, ఆ బిడ్డ పేరు కాగితాల్లో ఎక్కిందా? "ఆయన ఉండగానే ఇవేం మాటలమ్మా, అపశకునం" అంటారు. ఆయన ఉండగానే అడగాలి. పేరులో ఒక అక్షరం తేడా దిద్దించడం ఆయన చేతిలో ఒక సంతకం. ఆయన లేనప్పుడు అదే మీకు ఏడాది తిరుగుడు.

సంఘం ఆఫీసు ఎక్కడో కూడా కనుక్కోండి. సాధారణంగా అది రెండు బెంచీలూ ఒక బీరువా ఉన్న చిన్న గదే. వీలైతే సభ్యురాలిగా చేరండి, కుటుంబ పింఛనుదారుల్ని చాలాచోట్ల చేర్చుకుంటారు. కార్యవర్గంలో ఆడవాళ్ళు ఎంతమంది ఉన్నారో కూడా అడగండి. ఇంటిల్లిపాది లెక్కలూ నడిపిన చేతికి కోశాధికారి పుస్తకం బరువేమీ కాదు.

మళ్ళీ నవంబరు వస్తుంది. సంఘం పుస్తకంలో కొన్ని పేర్ల పక్కన టిక్కు పడుతుంది, కొన్ని పేర్లు కింద రాసిన భార్యల పేర్లకి మారతాయి. ఆ పేరు మారే రోజున మీకు వెతుకులాట ఉండకూడదు. ఈ ఆదివారం మధ్యాహ్నం భోజనాలయ్యాక ఆ బీరువా తాళం ఒకసారి అడిగి తీసుకోండి.